రాతినేలలో పట్టిన చేవ

నెగడులోకి ఇంకో రెండు కందికట్టెలు ఎగదోయండిరా, మంచు కొడతాంది. ఏందిరా అబ్బోడా, సినిమాలో ఎర్రచందనం దుంగలు ఏట్లో తేలుకుంటా పోయినాయంటివే? చూసినోళ్లు ఈలలేసినారంట గదా. నాకైతే నవ్వొచ్చింది. చేవ బాగా పట్టిన దుంగను నీళ్లలో వేస్తే తేలదు నాయనా, నేరుగా అడుక్కు పోతాది. అంత బరువుంటాది ఆ కొయ్య.

మా చిన్నప్పుడు కోడూరు చుట్టుపక్కల దాన్ని ఎవురూ బంగారం అనలా. గొడ్లచావిడికి గుంజలు అవే, పందిరికి రాటలు అవే. చెద ముట్టదు, వానకు కుళ్లదు. అంతవరకే మాకు దాని విలువ. తిరపతి పోయినోళ్లు పిల్లకాయలకని రాజు, రాణి బొమ్మలు తెచ్చేటోళ్లు, ఎర్రగా నున్నగా ఉండేవి. యాడన్నా వాపు వస్తే మా జేజి సానరాయి మీద ఇంత ముక్క అరగదీసి పట్టేసేది. చందనమంటారు గాని వాసన మాత్రం ఉండదు. గంధపుచెట్టుకూ దీనికీ చుట్టరికమే లేదు. నిజమైన చుట్టం ఎవురంటే యేగిస. చక్కెరజబ్బు వాళ్లు రాత్రి నీళ్లు పోసిపెట్టుకుని పొద్దున తాగుతారే, ఆ కొయ్యగ్లాసు చెట్టు. దాంట్లో పోసిన నీళ్లకు రంగు దిగుతాది. మన ఎర్రచందనం రంగు నీళ్లకు లొంగదు, సారాయికి లొంగుతాది. ఆ రంగు కోసమే తెల్లోళ్లు ఎన్నడో మన తూర్పు రేవుల నుంచి కొయ్యను ఓడలకెత్తుకుని పోయినారు, గుడ్డలకు అద్దకం వేసుకోను.

మా చిన్నాయన బండి తోలేవాడు. అప్పట్లో అటవీశాఖోళ్లు కొండలో కూపులు గీసి పాట పెట్టేవాళ్లు. పాట పాడుకున్నోళ్లు నరికిస్తే, చిన్నాయన లాంటోళ్లు ఎద్దులబండ్ల మీద రైలుకట్ట కాడికి దింపేవాళ్లు. సెలవులొస్తే నన్నూ బండెక్కించుకుని పోయేవాడు. సంగటి ముద్ద, ఎర్రగారం మూటగట్టుకుని తెల్లారకముందే కొండ మొదలుకు చేరాల. ఎండ ఎక్కితే ఎద్దులు కదలవు.

ఆ కొండల్లో నడిచినోనికే తెలుస్తాది. పైకి పోయేకొద్దీ మట్టి పలచబడి రాయి తేలుతాది. చెప్పుల్లో గూడా కాళ్లు కాలతాయి. పక్కన నారేప, చిరిమాను, బిల్లుడు, వెదురు పొదలు, నడుమెత్తు బోదగడ్డి. ఇట్లాంటి చోట ఇది పుడతాది. ఎండ కావాల, వాలు కావాల, వేరుకింద నీళ్లు నిలవకూడదు. రెండు రోజులు మడుగు కట్టే జాగాలో దీన్ని నాటితే వేరు కుళ్లి చస్తాది. ఇంత పెద్ద ప్రపంచంలో ఇది తనంతట తాను పుట్టి పెరిగేది మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమల దక్షిణపు కొస, ఆ చుట్టుపక్కల కొండల్లోనే. తమిళనాడు, కర్ణాటక దిక్కు కొంచెం కనబడతాది, అంతే. కోడూరు తోటల్లో అరటి, మామిడి, బొప్పాయి ఎంత బాగా కాస్తాయో మీకు తెలుసు గదా. ఆ తోటల నుంచి తలెత్తి చూస్తే కనబడే బోడిగుట్టల్లో, ఏ రైతూ ఉచితంగా ఇస్తామన్నా తీసుకోని నేలలో, ఇంత విలువైన మాను ఉండాదంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

చిన్నాయన నాకు చెట్టును గుర్తుపట్టేది నేర్పించినాడు. మొదట బెరడు చూడమనేవాడు. నల్లగా, పలకలు పలకలుగా పగిలి మొసలి వీపు మాదిరుంటాది. ఆకు రెమ్మకు మూడు గుండ్రటి ఆకులు. ఎండాకాలం మొదట్లో పసుప్పచ్చ పూలు. కాయ గుండ్రంగా, చుట్టూ పలచని రెక్కతో ఉంటాది, గాలికి ఎగిరిపోయి యాడో పడతాది. పడిందల్లా మొలవదు. గింజ పెంకు గట్టిది, అడివిలో పెట్టే నిప్పుకు కొన్ని, మేకల నోటికి కొన్ని పోతాయి. ఆకును గొడ్లు గూడా ఇష్టంగా తింటాయి గదా. నర్సరీవాళ్లు ఆ గింజను పేడనీళ్లలో నానేసి ఎండబెట్టి మళ్లీ నాటుతారు. ఒకసారి వేరుపట్టిందంటే మాత్రం మొండిది. మొదలు నరికినా మోడు నుంచి పిలకలేస్తాది. అందుకే కూపు కోసిన జాగాను ఏండ్లకేండ్లు ముట్టనిచ్చేవాళ్లు కాదు.

గొడ్డలితో బెరడు మీద చిన్న గాటు పెట్టి చూపించినాడు ఒకసారి. కొంచెం సేపటికి రగతం మాదిరి జిగురు కారింది. నేను భయపడితే నవ్వినాడు. "ఇది బెరడు రా. దీని కింద తెల్లకొయ్య ఉంటాది, అది దేనికీ పనికిరాదు. నడుమ ఉండేదే చేవ. చేవ తొందరపడదు" అన్నాడు. చెట్టు ముప్పై నలభై అడుగులకు మించి ఎదగదు. లావు గూడా మనిషి రెండు చేతులా కావలించుకుంటే అందేదే. ఆ లావు రావడానికి ఒకని ఆయుష్షు పడతాది.

తర్వాత కాలం మారింది. చైనావాళ్లకు పాత రాజుల కాలం నుంచీ ఇట్లాంటి కొయ్యతో కుర్చీలు, బీరువాలంటే మోజు. జపానువాళ్లకు షమిసెన్ అని మూడు తీగల వాద్యం ఉండాది. దాని మెడకు మన కొయ్యే కావాల, అందులోనూ అలలు అలలుగా గీత పడిన కొయ్యయితే చెప్పిన ధర. మన చావిడి గుంజ అక్కడ సంగీతమైంది. ఒకడు మా పాత గుంజలు కొంటానని వచ్చినాడు. మా జేజి చీపురు తీసుకుంటే వచ్చిన దారినే పోయినాడు.

1995లో దేశాల మధ్య దాని వ్యాపారానికి అడ్డుకట్ట పడింది, ఇప్పుడది అంతరించే ముప్పున్న చెట్ల జాబితాలో ఉండాది. ఆ అడ్డుకట్ట పడిన మొదట్లోనే కొండ మాకు దూరమైపోయింది. గొడ్లు మేపను పోయినోన్ని గూడా అనుమానంగా చూసే కాలం వచ్చె. నాకు కోపం లేదు, కొండను కాయాల్సిందే. లంకమల దిక్కు రెడ్డిపల్లె కాడ 1986లో కలివికోడి మళ్లీ కనబడింది గదా, 1900 తర్వాత ఎవురూ చూడని పిట్ట. కొండకు మనుషుల తాకిడి తగ్గితేనే అట్లాంటివి బతుకుతాయి. గాని ఒకటి చెప్తా వినండి. 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చచ్చిపోయినారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలోళ్లే. భుజం మీద దుంగ మోసేవానికి దక్కేది కూలి, దక్కకపోతే చావు. ఆ దుంగ ఓడెక్కినాక లాభం తినేవాని మొగం మనకెప్పుడూ కనబడదు. నా దృష్టిలో అసలు దొంగ వాడే.

కాబట్టి ఎవడన్నా వచ్చి ఒక రాత్రి కొండకు రండి, చేతినిండా డబ్బులిస్తామంటే పోవద్దు. ఎర్రచందనం కావాలంటే చేలో పెంచుకోవచ్చు, తప్పులేదు. గాని సొంత చేలో చెట్టయినా కోయాలన్నా, తోలాలన్నా అటవీశాఖ పర్మిట్టు కావాల. తూర్పు చేను గట్టున నేను నాటిన నాలుగు మొక్కలుండాయి గదా, అవి మీ పిల్లల కాలానికి అక్కరకొస్తాయి. చేవ పట్టిందో లేదో చూస్తామని మీలో ఎవురూ వాటి మీద గొడ్డలి పెట్టొద్దండి.