ఆరంభకుల ప్రశ్నలు - రెండు చరిత్రల కూడలి
(ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్, డేటాబేస్‌ల చారిత్రక పరిశీలన)

వ్యాససంగ్రహం:

డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్‌నూ డేటాబేస్‌నూ కలిపి నేర్చుకొనేవారు తరచుగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వీటిని అవగాహనలోపంగా పరిగణించడం పరిపాటి. నార్వేలో అనుకరణ శాస్త్రం నుండి పుట్టిన ఆబ్జెక్ట్ భావన, అమెరికాలో గణితం నుండి పుట్టిన రిలేషనల్ భావన వేర్వేరు అవసరాలకోసం ఏర్పడి, తరువాత ఒకే తెరమీద కలిశాయి. ఆ కలయికలో మిగిలిన అతుకులే ఈ ప్రశ్నలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు సాహిత్య సమాచారాన్ని భద్రపరిచే పరిశోధకులకు ఈ చరిత్ర ఎందుకు అవసరమో సోదాహరణంగా వివరిస్తుంది.

కీలకపదాలు: క్లాస్, ఆబ్జెక్ట్, టేబుల్, శూన్యవిలువ, యూనికోడ్, తెలుగు డేటాబేస్.

1. ఉపోద్ఘాతం:

నిఘంటువులు, శాసనసూచికలు, తాళపత్రాల పట్టికలు, జానపదగేయ సేకరణలు క్రమంగా కంప్యూటర్‌లోకి చేరుతున్న కాలమిది. ఈ పనికి పూనుకొన్న భాషాసాహిత్య పరిశోధకుడు ఏదో ఒక దశలో చిన్న ప్రోగ్రామ్‌నో, డేటాబేస్‌నో ఆశ్రయించక తప్పదు. అప్పుడతనికి కలిగే సందేహాలు కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరం విద్యార్థికి కలిగేవే. క్లాస్‌కు, ఆబ్జెక్ట్‌కు భేదమేమిటి? క్లాస్ ఉండగా టేబుల్ ఎందుకు? తెరమీద మార్చిన సమాచారం డేటాబేస్‌లో ఎందుకు మారలేదు? ఖాళీగా ఉన్న గడి సున్నాతో సమానం కాదా? తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు ఎందుకు వచ్చాయి?

పాఠ్యపుస్తకాలు వీటికి నిర్వచనాలతో సమాధానం చెబుతాయి. నిర్వచనం అది ఏమిటో చెబుతుంది గాని, అలాగే ఎందుకు ఉందో చెప్పదు. ఆ రెండో పని చరిత్రది.

2. క్లాస్ - ఆబ్జెక్ట్:

ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ న్యూగోర్, ఓలె-యోహాన్ డాల్ 1960లలో సిమ్యులా భాషను రూపొందించారు. వరుసలో వేచి ఉండేవారు, వారికి సేవ అందించే కేంద్రాలు, వాటి మధ్య కాలగమనం - ఇటువంటి వ్యవస్థలను కంప్యూటర్‌లో అనుకరించి చూడడం వారి లక్ష్యం. వరుసలో వందమంది ఉంటే వందమందికీ వేర్వేరు వర్ణనలు రాయనక్కరలేదు. వర్ణన ఒక్కటే, వ్యక్తులు అనేకం. 1967 నాటి సిమ్యులాలో ఆ వర్ణనకు క్లాస్ అని, దాని ప్రకారం ఏర్పడిన ఒక్కొక్క అంశానికి ఆబ్జెక్ట్ అని పేర్లు స్థిరపడ్డాయి. టోనీ హోర్ 1965లో చేసిన రికార్డు క్లాస్ ప్రతిపాదన వారికి ప్రేరణ అయింది.

ఈ భేదం తెలుగు విద్యార్థికి కొత్తది కాదు. పదం జాతిని చెబుతుందా, వ్యక్తిని చెబుతుందా అన్న చర్చ సంస్కృత వ్యాకరణంలో ప్రసిద్ధం. వాజప్యాయనుడు ఆకృతిపక్షాన్ని, వ్యాడి ద్రవ్యపక్షాన్ని సమర్థించినట్లు కాత్యాయనుని వార్తికాలు తెలుపుతాయి. సిమ్యులాకు ఈ చర్చతో చారిత్రక సంబంధం లేదు. కాని బోధనలో ఈ పోలిక ఉపకరిస్తుంది. 'కావ్యం' అన్నది క్లాస్ అయితే, 'మనుచరిత్ర' ఒక ఆబ్జెక్ట్. క్లాస్ అనగానే తరగతిగది స్ఫురించే విద్యార్థికి ఈ ఒక్క వాక్యం చాలా దూరం తోడు వస్తుంది.

3. ప్రోగ్రామ్ మూసిన తరువాత ఆబ్జెక్ట్ గతి:

అనుకరణ ముగిస్తే అందులోని వ్యక్తులతో పని లేదు, ఫలితం చాలు. కాబట్టి సిమ్యులా ఆబ్జెక్ట్‌లు ప్రోగ్రామ్ నడిచినంతసేపే జీవించడం లోపంగా తోచలేదు. సిమ్యులా ప్రభావంతో బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో ప్రారంభించిన భాష సీ ప్లస్ ప్లస్‌గా ఎదిగింది. అందులోనూ ఆబ్జెక్ట్ నివాసం మెమరీయే.

దీనికి భిన్నమైన మార్గం ఒకటి ఉండేది. జెరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ తదితరులు 1970లలో రూపొందించిన స్మాల్‌టాక్‌లో, మెమరీలోని ఆబ్జెక్ట్‌లన్నింటినీ కలిపి ఇమేజ్ అనే ఒకే ఫైలుగా భద్రపరచవచ్చు. మరునాడు తెరిస్తే అన్నీ యథాస్థానంలో ఉంటాయి. అయితే ఇమేజ్ ఒక వ్యక్తి యంత్రానికి సరిపోయే ఏర్పాటు. అనేకులు ఒకేసారి వాడుకొనే సమాచారానికి అది చాలదు. ఆ సమస్యను అప్పటికే మరొక సంప్రదాయం తనదైన రీతిలో పరిష్కరించుకొంటోంది.

4. టేబుల్ ఎందుకు?

అపోలో చంద్రయాన కార్యక్రమంలోని అసంఖ్యాకమైన విడిభాగాల లెక్కకోసం 1960లలో ఐబీఎం రూపొందించిన ఐఎంఎస్, సమాచారాన్ని చెట్టుకొమ్మల వలె అమర్చింది. పై అంశం కింద దాని ఉపాంశాలు ఉంటాయి. ఈ పద్ధతిలోని చిక్కు మన సాహిత్యచరిత్రతో సులభంగా తెలుస్తుంది. 'ఆంధ్రమహాభారతం' కింద నన్నయ, తిక్కన, ఎర్రనలను చేర్చామనుకొందాం. 'నిర్వచనోత్తర రామాయణం' కింద తిక్కనను మళ్లీ రాయాలి. 'నృసింహపురాణం' కింద ఎర్రనను మళ్లీ రాయాలి. కవి కింద కావ్యాలను చేర్చితే భారతాన్ని మూడుచోట్ల రాయాలి. ఒకచోట సవరించి మరొకచోట మరిస్తే, ఏది ప్రమాణమో తేలదు.

ఐబీఎం శాన్ హోసె పరిశోధనశాలలో పనిచేసిన ఎడ్గర్ ఎఫ్. కాడ్ 1970 జూన్‌లో ప్రచురించిన వ్యాసం ఈ చిక్కును మూలంలో పట్టుకొంది. సమాచారం యంత్రంలో ఎలా అమర్చబడిందో తెలియవలసిన అవసరం వినియోగదారునికి ఉండకూడదన్నది ఆయన వాదం. అందుకు గణితంలోని రిలేషన్ భావనను ఆధారంగా తీసుకొన్నారు. కావ్యాలకు ఒక టేబుల్, కవులకు ఒక టేబుల్, ఎవరు దేనికి కర్తలో తెలిపే మూడో టేబుల్ - ఈ మూడింటితో కవిత్రయం చిక్కు తీరుతుంది. డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ 1974లో ప్రతిపాదించిన ప్రశ్నాభాష ఎస్‌క్యూఎల్‌గా పరిణమించి, 1986లో అమెరికన్ ప్రమాణంగా స్థిరపడింది.

ఇక్కడే రెండు సంప్రదాయాలు విడిపోతాయి. ఆబ్జెక్ట్‌ల లోకంలో 'కావ్యం' తన కవుల జాబితాను తనలోనే ఉంచుకోవచ్చు. టేబుల్‌లో ఒక గడిలో ఒకే విలువ ఉండాలి. ఒకే సమాచారం గల రెండు ఆబ్జెక్ట్‌లు మెమరీలో వేర్వేరు చోట్ల ఉన్నందువల్ల వేర్వేరువిగా ఉండగలవు. రిలేషన్‌లో గుర్తింపు విలువలను బట్టే తప్ప స్థానాన్ని బట్టి కాదు. ప్రైమరీ కీ ఎందుకన్న ప్రశ్నకు మూలం ఇదే. ఈ పొసగనితనాన్ని తొలగించే ప్రయత్నాలు తొందరగానే మొదలయ్యాయి. స్మాల్‌టాక్‌నే డేటాబేస్‌గా మలచాలని జార్జ్ కోప్లాండ్, డేవిడ్ మేయర్ 1984లో ప్రతిపాదించారు. టేబుల్‌లను ఉంచి మధ్యలో అనువాదకుని నియమించే హైబర్నేట్ 2001లో, ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ 2008లో వచ్చాయి. అనువాదకుడు వచ్చాడంటే రెండు భాషలూ మిగిలే ఉన్నాయని అర్థం.

5. తెరమీద మారింది, డేటాబేస్‌లో మారలేదు:

మైక్రోసాఫ్ట్ 1991లో విడుదల చేసిన విజువల్ బేసిక్, ఫారమ్ మీద బటన్లు, గడులు అమర్చుకొనే వీలు కల్పించింది. 1993 నాటి మూడో సంచికతో జెట్ డేటాబేస్ ఇంజిన్ తోడైంది. అందులోని డేటా కంట్రోల్ వాడితే, ఒక రికార్డు నుండి మరొకదానికి కదలగానే మార్పు ఫైలులో చేరేది. 2002లో డాట్‌నెట్‌తో వచ్చిన ఏడీవో డాట్‌నెట్ ఈ పద్ధతిని మార్చింది. అనేకమంది ఒకే సర్వర్‌ను ఆశ్రయించే కాలంలో ప్రతివారూ సంబంధాన్ని తెరిచి ఉంచడం భారమవుతుంది. అందుచేత సమాచారాన్ని మెమరీలోకి నకలు తీసుకొని, సంబంధం తెంచి, పని ముగిశాక అప్‌డేట్ అనే ఆజ్ఞతో తిరిగి పంపే పద్ధతి వచ్చింది. ఆరంభకుడు మార్చింది నకలును. ఆజ్ఞ లేనిదే మూలం మారదు.

దీనికి తోబుట్టువు వంటి మరో ప్రశ్న ఉంది. నిన్న సేవ్ అయిన రికార్డులు నేడెందుకు లేవు? విజువల్ స్టూడియోలో ప్రాజెక్టుకు జతచేసిన డేటాబేస్ ఫైలు, అమరికను బట్టి, ప్రోగ్రామ్‌ను నిర్మించిన ప్రతిసారీ ఫలితాల ఫోల్డర్‌లోకి కొత్తగా నకలవుతుంది. నిన్నటి రికార్డులున్న పాతనకలు దానితో చెరిగిపోతుంది. మూలప్రతికి, లేఖకుని ప్రతికి భేదం తెలిసిన పరిష్కర్తకు ఈ విషయం ఒక్కసారి చెబితే చాలు.

6. రెండు శూన్యాలు:

రికార్డు క్లాస్‌ను ప్రతిపాదించిన హోర్, అదే 1965లో దేనినీ సూచించని సూచికకు కూడా చోటిచ్చారు. 2009లో ఆయనే దానిని తన శతకోటి డాలర్ల పొరపాటుగా అభివర్ణించారు. విజువల్ బేసిక్‌లో 'నథింగ్' ఆ వంశానిదే. అక్కడ ఆబ్జెక్టే లేదని దాని అర్థం. డేటాబేస్‌లోని నల్ వేరు. కాడ్ 1979 నాటి వ్యాసంలో తెలియని విలువకోసం సత్యం, అసత్యం, సందిగ్ధం అనే త్రిమూల్య తర్కాన్ని వివరించారు. 1990లో వెలువడిన గ్రంథంలో ఆ శూన్యాన్ని తెలియనిది, వర్తించనిది అని రెండుగా విభజించారు. తాళపత్రగ్రంథానికి లేఖకుడు తెలియకపోవచ్చు, ప్రచురణకర్త వర్తించడు. ఎస్‌క్యూఎల్ ఈ విభజనను స్వీకరించలేదు. డాట్‌నెట్‌లో 'నథింగ్', 'డీబీనల్' అని రెండు పేర్లు ఎదురైనప్పుడు విద్యార్థి తికమకపడడం సహజం.

పరిశోధకునికి ఇది పరిభాషా సమస్య మాత్రమే కాదు. కవి తిక్కన కాని కావ్యాలన్నీ చూపమని డేటాబేస్‌ను అడిగితే, కవిపేరు నల్‌గా ఉన్న అజ్ఞాతకర్తృక కావ్యాలు జాబితాలో రావు. వాటి కర్త తిక్కన కాదన్న మాట సత్యమని తేలదు, సందిగ్ధంగానే మిగులుతుంది. సందిగ్ధమైన వరుసలను ఎస్‌క్యూఎల్ ఫలితంలో చేర్చదు. ఏ లోపసూచనా రాదు. ఆ జాబితా ఆధారంగా వేసిన లెక్క తప్పుతుంది.

7. ప్రశ్నార్థకాలుగా మారిన తెలుగు:

1991లో వెలువడిన యూనికోడ్ తొలిసంచికలోనే తెలుగుకు స్థానం లభించింది. కాని విండోస్‌లో తెలుగుకు సిస్టమ్ స్థాయి 8 బిట్ల కోడ్‌పేజీ ఏర్పడలేదు. 1998 నాటి విజువల్ బేసిక్ 6 తన పదాలను లోపల యూనికోడ్‌లోనే ఉంచుకొన్నా, దాని సాధారణ కంట్రోళ్లు కోడ్‌పేజీ మీదనే ఆధారపడ్డాయి. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం అదనపు లిపులకు 'నేషనల్ క్యారెక్టర్' అనే ప్రత్యేక విభాగాన్ని ఇచ్చింది. మామూలు అక్షరమంటే ఒక లిపి, తక్కినవి ప్రత్యేకం అన్న దృష్టి ఆ పేరులోనే ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎన్‌వార్‌చార్ అన్న రకం పేరుకు ముందున్న 'ఎన్' దాని గుర్తు. వాక్యంలోని తెలుగుపదానికి ముందు 'ఎన్' చేర్చకపోయినా, గడిని మామూలు వార్‌చార్‌గా నిర్ణయించినా, తెలుగు తెలియని కోడ్‌పేజీ ద్వారా పోయిన ప్రతి సంకేతమూ ప్రశ్నార్థకంగా మారుతుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. చతురస్రాలు కనిపిస్తే సాధారణంగా ఫాంట్ లోపం, సమాచారం క్షేమం. డేటాబేస్‌లోనే ప్రశ్నార్థకాలు చేరితే అవి నిజంగా 63వ సంకేతాలు. మూలాక్షరం ఇక దొరకదు. పొడవు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 'తెలుగు' మనకు మూడక్షరాలు, యూనికోడ్‌లో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు. 'క్ష' ఒక్కటే మూడు సంకేతాలు. ఛందస్సు కోసం అక్షరాలు లెక్కించే ప్రోగ్రామ్ ఈ విషయం గ్రహించకపోతే గణవిభజన మొదటిపాదంలోనే తప్పుతుంది.

8. ముగింపు:

పై ప్రశ్నలలో ఏదీ మందబుద్ధి వల్ల పుట్టింది కాదు. అనుకరణ నుండి వచ్చిన ఆబ్జెక్ట్, గణితం నుండి వచ్చిన టేబుల్, ఆంగ్లలిపిని ప్రమాణంగా భావించిన సంకేతవ్యవస్థ ఒకే తెరమీద కలిసినచోట ఆరంభకుడు తడబడతాడు. అనుభవజ్ఞులకు ఆ అతుకులు అలవాటై కనిపించవు. కాబట్టి తరగతిలో ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడు నిర్వచనాన్ని తిరిగి చదివించడం కంటే, ఏ రెండు వ్యవస్థల మధ్య అది పుట్టిందో చూపడం మేలు. తెలుగు శాఖలలో డేటాబేస్ పనులకు పూనుకొనేవారు సేకరణకు ముందే మూడు విషయాలు నిర్ణయించుకోవాలి. అవి గడుల రకం యూనికోడా కాదా, తెలియనిదానిని వర్తించనిదానినుండి వేరుగా గుర్తించే పద్ధతి ఏది, మూలఫైలు ఎక్కడ ఉంటుంది అన్నవి. ఏళ్ల తరబడి సేకరించిన గేయమో, శాసనపాఠమో ప్రశ్నార్థకాల వరుసగా మారిన తరువాత ఏ నిర్వచనమూ దానిని తిరిగి తేలేదు.