మాచిపత్రి చుట్టం, ఈస్టు తొట్టె, మలేరియా మందు

వినాయక చవితి నాడు మనం సమర్పించే ఇరవై ఒక్క పత్రులలో మొదటిది మాచిపత్రి. ఆ ఆకును నలిపి వాసన చూసినవారికి దాని ఘాటు గుర్తుండే ఉంటుంది. వృక్షశాస్త్రం దానిని ఆర్టెమిసియా ప్రజాతిలో చేర్చింది. అదే ప్రజాతికి చెందిన మరొక మొక్క ఆర్టెమిసియా ఆన్యువా. చైనీయులు చింగ్‌హావ్ అని పిలిచే ఈ మొక్క నుండే నేడు ప్రాణాంతక మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ లభించింది. (చుట్టరికం ఉన్నది కదా అని మాచిపత్రి కషాయాన్ని మలేరియాకు వాడకండి. అది ఆ జబ్బుకు మందు కాదు.)

మలేరియాను దోమ మోస్తుందన్న రహస్యానికి తొలి ఆధారం 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద కనబడింది. ఆ తరువాత డెబ్బై ఏళ్లకు, వియత్నాం యుద్ధకాలంలో, క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం మలేరియా సైనికులను పీడించసాగింది. చైనా ప్రభుత్వం 1967 మే 23న ఒక రహస్య పరిశోధనను ప్రారంభించి, ఆ తేదీనే దానికి పేరుగా పెట్టింది: ప్రాజెక్టు 523. 1969లో ఇందులో చేరిన తూ యూయూ ప్రాచీన వైద్య గ్రంథాలను గాలించారు. చింగ్‌హావ్ సారం మొదట కొంత ఆశ చూపినా, ఫలితం నిలకడగా రాలేదు. నాలుగవ శతాబ్దపు వైద్యుడు గే హోంగ్ రాసిన ఒక చిన్న సూచన ఆమెను ఆలోచింపజేసింది. ఆకును నీటిలో నానబెట్టి, పిండి, రసం తాగమన్నాడాయన, మరిగించమనలేదు. వేడికి మందు చెడిపోతున్నదేమోనని ఆమె తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకలలోని మలేరియా పరాన్నజీవులను పూర్తిగా నిర్మూలించింది. మరుసటి సంవత్సరం రోగులకు ఇచ్చే ముందు ఆమె, ఆమె సహచరులు ఆ సారాన్ని తామే తీసుకొని పరీక్షించుకున్నారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

ఆర్టెమిసినిన్ అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకదానినొకటి పట్టుకొని వంతెనలా ఉంటాయి. మలేరియా పరాన్నజీవి మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను తింటుంది. అప్పుడు విడుదలయ్యే ఇనుము ఆ వంతెనను తెంచుతుంది. తెగిన ముక్కలు పరాన్నజీవి మాంసకృత్తులను దెబ్బతీస్తాయి. దాని తిండే దానికి విషమవుతుందన్నమాట.

ఇంత చక్కని అణువును ప్రయోగశాలలోనే తయారుచేయవచ్చు కదా అని మీకు తోచవచ్చు. 1983లో స్విట్జర్లాండులోని రోష్ సంస్థ రసాయనవేత్తలు తయారుచేసి చూపించారు కూడా. చిక్కంతా లెక్కలోనే ఉన్నది. పది రసాయన చర్యలు వరుసగా జరపవలసి వచ్చి, ఒక్కొక్కచోట 80 శాతం పదార్థం దక్కినా, చివరికి మిగిలేది సుమారు 11 శాతమే. పేదల జబ్బుకు అంత ఖరీదైన మందు ఏ ప్రయోజనానికి?

2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్టెమిసినిన్‌ను మరొక మందుతో కలిపి ఇవ్వాలని సూచించింది. ఒంటరిగా వాడితే పరాన్నజీవి దానికీ లొంగకుండా పోతుందన్న భయమే ఇందుకు కారణం. పశ్చిమ కంబోడియాలో ఆ భయం తరువాత నిజమైంది కూడా. జ్వరం తగ్గగానే మాత్రలు సగంలో ఆపవద్దని వైద్యులు పట్టుబట్టేది అందుకే. ఆ సూచనతో గిరాకీ పెరిగింది, కాని మొక్క మన తొందరను వినదు. విత్తనం నుండి మాత్ర దాకా ఏడాదికి పైగా పడుతుంది. ఎండుటాకులో మందు ఒక శాతం ఉంటే గొప్ప. ధర పెరిగిన ఏడు రైతులందరూ అదే వేశారు. మరుసటి ఏడు ధర కూలింది, చాలామంది మానుకున్నారు. మళ్ళీ కొరత వచ్చింది. మిరప, ఉల్లి పండించే మన రైతులకు ఈ కథ కొత్త కాదు.

కాలిఫోర్నియాలో జే కీస్లింగ్ బృందం వేరే దారి పట్టింది. 2004 చివరలో గేట్స్ ఫౌండేషన్ ఇందుకు 4.26 కోట్ల డాలర్లు ఇచ్చింది. రొట్టెను పొంగించే ఈస్టు తన పొర కోసం కొవ్వుజాతి పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. ఆ దారి మధ్యలో మొక్కకూ ఈస్టుకూ ఉమ్మడిగా ఉండే ఒక అణువు వస్తుంది. అక్కడ మొక్క నుండి తెచ్చిన ఎంజైము జన్యువును అమర్చితే, ఈస్టు ఆ అణువును ఆర్టెమిసినిన్ వైపు మళ్ళిస్తుంది. 2006లో లీటరుకు 100 మిల్లీగ్రాముల ఆర్టెమిసినిక్ ఆమ్లం వచ్చింది. అది చాలదు. మధ్యలో ఏర్పడే ఒక ఆల్డిహైడ్ కణానికి హాని చేస్తున్నది. దానిని వెంటనే ఆమ్లంగా మార్చే ఎంజైమును కెనడా శాస్త్రజ్ఞులు అదే మొక్కలో గుర్తించారు. దానిని కూడా చేర్చిన పిదప, 2013 నాటికి లీటరుకు 25 గ్రాములు దక్కాయి: 250 రెట్లు!

ఆక్సిజన్ వంతెన మాత్రం ఈస్టు కట్టలేదు. నిజానికి మొక్కలో కూడా ఆ చివరి మెట్టుకు ఎంజైము అక్కరలేదు. ఎండలో, గాలిలో అది తనంతట తానే జరుగుతుంది. ఇటలీలోని గారెస్సియో కర్మాగారంలో సనోఫీ సంస్థ సూర్యునికి బదులు శక్తిమంతమైన దీపాలను వాడింది. అలా ఎంజైములు ఆరంభించిన పనిని రసాయనశాస్త్రం, వెలుగు పూర్తిచేశాయి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును ఆమోదించింది.

"ఇది కృత్రిమం కదా, మొక్క నుండి తీసినదే మేలు కదా?" అని అడిగేవారున్నారు. రెండింటిలోనూ అణువు ఒక్కటే. మలేరియా పరాన్నజీవికి ఆ తేడా తెలియదు.

తేడా ధరలోనే తేలింది. ఈలోగా రైతులు మళ్ళీ విరివిగా సాగుచేయడంతో మొక్క నుండి తీసిన ఆర్టెమిసినిన్ కిలో 250 డాలర్ల కన్న తక్కువకు దిగింది. ఈస్టు మందును 350 డాలర్ల కన్న తక్కువకు అమ్మడం సాధ్యపడలేదు. 2015లో గారెస్సియోలో ఒక్క కిలో కూడా తయారుకాలేదు. సనోఫీ ఆ కర్మాగారాన్ని బల్గేరియాకు చెందిన హువేఫార్మాకు అమ్మివేసింది. ప్రపంచానికి కావలసిన ఆర్టెమిసినిన్‌లో అధికభాగం పూర్వంవలెనే పొలాల నుండి వస్తూ ఉన్నది.