ఆరోగ్యవరం లెక్కలు

ఆరోగ్యవరం అనగానే మన వైపు పెద్దవాళ్లకు గుర్తొచ్చేది టీబీ ఆసుపత్రి. మదనపల్లె పక్కనున్న ఆ ఊరి పేరు ఒకప్పుడు ప్రపంచ వైద్య పత్రికల్లో అచ్చయిందన్న సంగతి మన బడి పిల్లల్లో చాలామందికి తెలియదు. నేను వైద్యుణ్ణి కాను, ఇంజనీరును. అందుకే ఈ చరిత్రను లెక్కల వైపు నుంచి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

యూనియన్ మిషన్ ట్యుబర్‌క్యులోసిస్ శానిటోరియం 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఇక్కడ వెలిసింది. 'యూనియన్' అన్న మాటలోనే దాని ఆర్థిక రహస్యం ఉంది. క్షయ రోగిని నెలల తరబడి ఉంచుకుని, తిండి పెట్టి, కనిపెట్టుకుని ఉండటం ఏ ఒక్క మిషన్‌కూ మోయగల ఖర్చు కాదు. అందుకే దక్షిణాదిలో పనిచేస్తున్న అనేక మిషన్లు చేతులు కలిపాయి. పొడిగాలి, ఎత్తైన నేల ఉన్న మదనపల్లెను ఎంచుకున్నాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని పెంచి పెద్దచేశారు. 1939లో టీబీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినప్పుడు దాని మొదటి మెడికల్ కమిషనర్ ఆయనే. ఇక్కడే సూపరింటెండెంటుగా పనిచేసిన డాక్టర్ పి.వి.బెంజమిన్ తర్వాత భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు.

రెండో యుద్ధం ముగిసేనాటికి దేశం ముందున్న లెక్క భయంకరమైనది. 1943లో నియమించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. దేశంలో సుమారు 25 లక్షల మంది క్షయ రోగులు, ఏటా 5 లక్షల మరణాలు, ఉన్న పడకలు మాత్రం సుమారు 6,000. అంటే ఒక్కో పడకకు 400 మందికి పైగా. ఒక్కో రోగి ఆరు నెలలే ఉంటాడనుకున్నా ఏడాదికి చూడగలిగేది 12,000 మందిని. కొత్తగా ఒక్కరికీ జబ్బు రాకపోయినా, అప్పటికే ఉన్నవాళ్లందరి వంతూ వచ్చేసరికి 200 ఏళ్లు దాటుతుంది. పడకలు పదింతలు చేసినా ఇరవై ఏళ్లు పడుతుంది. వెళ్లిపోతున్న తెల్లదొరల ఖజానాకు గానీ, కొత్తగా వస్తున్న మన ప్రభుత్వానికి గానీ అంత డబ్బు లేదు.

కాబట్టి డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మారింది. రోగి ఆసుపత్రికి రావడం కాదు, వైద్యమే రోగి దగ్గరకు పోవాలి. వీలైతే జబ్బు రాకముందే ఆపాలి. అందుకు 1948లో మద్రాసు గిండీలో బి.సి.జి. టీకా తయారీ ప్రయోగశాల పెట్టారు. అయితే చల్లని దేశాల్లో పరీక్షించిన టీకా మన ఎండల్లో, మన పల్లెల్లో ఎంత పనిచేస్తుంది? ఇది తేల్చడానికి భవనం కట్టి ప్రయోజనం లేదు. ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టి, ఏళ్ల తరబడి వాళ్లను వదలకుండా చూసే చోటు కావాలి.

అలాంటి చోటు సిద్ధంగా ఉన్నది మదనపల్లెలో. ఎక్స్‌రే ఉంది, క్షయ తెలిసిన డాక్టర్లున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, ముప్ఫై అయిదేళ్లుగా సంపాదించుకున్న జనం నమ్మకం ఉంది. ఏ బడ్జెట్‌లోనూ దొరకని పద్దు అది. 1955లో రాజాజీ అంతటివారే బి.సి.జి.ని వ్యతిరేకిస్తూ పుస్తకం రాశారంటే, ఆ రోజుల్లో చెయ్యి చాపి టీకా వేయించుకోవడం చిన్న విషయం కాదని తెలుస్తుంది.

క్రిస్టియన్ కుమారుడు డాక్టర్ జోహానెస్ ఫ్రిమోట్ మొల్లర్ 1950 నుంచి 1955 వరకు మదనపల్లె, చుట్టుపక్కల పల్లెల జనంలో క్షయను అధ్యయనం చేశారు. ఆ నివేదిక 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వంద పేజీలకు పైగా అచ్చయింది. టీకా పరీక్షలో ఒకరికి వేసి, తర్వాతివారికి వేయకుండా, ఆ రెండు గుంపుల్నీ గమనించారు. 1973లో ప్రకటించిన లెక్క ప్రకారం టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి, వేయని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చింది. తేడా ఇరవై శాతమే. ఇలాంటి పరీక్షే బ్రిటన్ బడిపిల్లల్లో జరిపితే ముప్పావు వంతు రక్షణ కనిపించింది.

ఫలితం నిరాశపరిచేదే. కానీ దాచలేదు. వంతెన ఎంత బరువు మోయలేదో చెప్పే పరీక్ష కూడా ఇంజనీరుకు పనికొచ్చే పరీక్షే. 1968లో చెంగల్పట్టులో అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద పరీక్ష మొదలైంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని అక్కడ తేలింది. అయినా పసిపిల్లలకు వచ్చే ప్రాణాంతకమైన క్షయ నుంచి కాపాడుతుంది కనుక పుట్టగానే ఇప్పటికీ వేస్తున్నారు.

రెండో దారి మందులు. 1956లో మద్రాసులో కీమోథెరపీ కేంద్రం పెట్టి, 193 మంది రోగుల్లో కొందరికి ఇంట్లో, కొందరికి శానిటోరియంలో ఏడాదిపాటు ఒకే మందులిచ్చారు. ఫలితాలు దాదాపు సమానం. ఈ సంగతి 1959లో ప్రకటించారు. అదే ఏడు బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ వచ్చింది, 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. శానిటోరియాల అవసరం క్రమంగా తగ్గింది. ఆరోగ్యవరం కూడా అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రిగా మారింది. ఏ జబ్బు కోసం పుట్టిందో ఆ జబ్బుకే తన అవసరం తగ్గిపోయే రోజు కోసం పనిచేసిన సంస్థ అది.

ఆ బులెటిన్‌లో డాక్టర్ల పేర్లున్నాయి. పరీక్షకు చెయ్యి చాపిన మదనపల్లె చుట్టుపక్కల రైతులు, కూలీలు, పిల్లలు మాత్రం అంకెలుగానే మిగిలారు. వాళ్లలో కొందరు ఇంకా మన మధ్య ఉండొచ్చు, ఎనభై ఏళ్లు దాటి. సూది గుర్తున్నవాళ్లు, ఎక్స్‌రేకు నిలబడ్డవాళ్లు మీ బంధువుల్లో ఉంటే, వాళ్లు చెప్పింది రాసి మన సంఘానికి పంపండి. ఆలస్యం చేస్తే ఆ పేజీ రాసేవాళ్లు ఉండరు.