పచ్చబొట్టు ఉంది, పేరు లేదు

చర్ల సంతలో చింతపండు అమ్ముకుంటున్న ఓ కోయ అవ్వ ముంజేతి మీద చుక్కలు వరుసగా ఉన్నాయి. మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా పాకాయి. ముడతలు పడిన చోట కొన్ని చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఎప్పుడు పొడిపించుకున్నావని అడిగాను. "పెండ్లికి ముందే బిడ్డా. ఇవి లేకుంట అత్తగారింటికి ఎట్ల పోతం? సొమ్ములు ఈడనే ఉంటయి, సచ్చినంక ఎంట వచ్చేది ఇదొక్కటే" అంది. గోండుల నుంచి కోయల దాకా, ఊళ్లలోని ముసలమ్మల దాకా ఈ నమ్మకం ఉంది. ఆ మాట పట్టుకుని వెనక్కి వెళితే, గోదావరి అడవి అంచున ఒంటి మీది గుర్తులకు పెద్ద చరిత్రే కనబడుతుంది.

పచ్చబొట్టుకు కావలసిన సరంజామా చాలా తక్కువ. రెండు మూడు సూదులు కలిపి కట్టిన కట్ట, దీపం మసి, ఆకు పసరు, వాపు మీద రాయడానికి పసుపు. సూది పైచర్మాన్ని దాటి మసిని లోపలి పొరలోకి దింపుతుంది. అక్కడి రక్షక కణాలు ఆ రేణువులను మింగి, అరిగించుకోలేక దాచుకుంటాయి. ఒక కణం చచ్చిపోతే అది వదిలిన రేణువులను మరో కణం అందుకుంటుందని 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూపించారు. నల్లటి మసే అయినా చర్మం లోతు నుంచి నీలంగా, పచ్చగా కనబడుతుంది. ఆల్ప్స్ పర్వతాల మంచులో 1991లో దొరికిన, సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి ఒంటి మీద 61 గుర్తులున్నాయి. అవీ మసితో పెట్టినవే.

తెలుగు నేల మీద ఒంటిని మార్చుకోవడం పచ్చబొట్టుతో ఆగలేదు. వీరభద్రుడి మొక్కుల్లో బుగ్గలకూ నాలుకకూ నారసాలు గుచ్చుకోవడం నేటికీ ఉంది. శ్రీశైలంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి 1377 ప్రాంతంలో కట్టించిన వీరశిరోమండపం ఇంకా తీవ్రమైన భక్తికి సాక్ష్యం. అక్కడ వీరభక్తులు నాలుకలు, తలలు సైతం కోసి శివుడికి అర్పించుకునేవారని శాసనమే చెబుతోంది. ఆ మండపం కట్టించిన రాజు పేరు రాయి మీద నిలిచింది. తలలిచ్చిన వాళ్ల పేర్లు నిలవలేదు. ఈ చరిత్ర పొడుగునా ఇదే జరిగింది.

భద్రాచలం అడవి కాగితం మీదికి ఎక్కింది తెల్లవారి కాలంలో. ఈ తాలూకాను 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870ల్లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనం గురించి 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో రాశాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కోయల గురించి రాసేటప్పుడు ఆ రాతలనే ఆధారం చేసుకున్నాడు. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకంలో కులాలు, తెగలు అక్షర క్రమంలో ఉంటాయి. ముక్కుల కొలతలుంటాయి. పచ్చబొట్ల సంగతీ ఉంటుంది. కొలత ఇచ్చిన మనిషి ఆ రోజు ఏమనుకుందో మాత్రం ఉండదు.

పొడిచే చేతులదీ అదే గతి. ఆదిలాబాద్ గోండులకు తోటి అనే తెగ స్త్రీలు పచ్చబొట్లు పొడిచేవారు. తెలుగు ఊళ్లలో ఎక్కువగా ఎరుకల స్త్రీలు సోది చెబుతూ, బుట్టలమ్ముతూ, పచ్చబొట్టు పొడుస్తూ ఇల్లిల్లూ తిరిగేవారు. ఆ ఎరుకల వాళ్లనే మద్రాసు ప్రభుత్వం నేరస్థ తెగల జాబితాలో చేర్చింది. అలాంటి తెగల వారి వేలిముద్రలు తీసుకునే అధికారాన్ని 1911 చట్టం సర్కారుకు ఇచ్చింది. పదిమంది చేతుల మీద అందమైన గుర్తులు పెట్టిన వేళ్లు, దొంగలన్న ముద్రతో సిరాలో మునిగాయి. ఆ చట్టం 1952లో పోయింది గాని, ఆ స్త్రీలను కళాకారులుగా లెక్కించిన పుస్తకం నా కంటబడలేదు.

తర్వాత ఇటు వచ్చినవాడు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. పాపికొండల పక్కన కొండరెడ్ల మధ్య ఉండి పరిశీలించి, 1945లో వాళ్ల మీద పుస్తకం ప్రచురించాడు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. థర్‌స్టన్ సంపుటాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. దుమ్ముగూడెంలో ఫోన్ ఉన్న కోయ పిల్లాడు తన ముత్తవ్వల కాలాన్ని వెతుక్కోగలడు. ఇది చిన్న మేలు కాదు.

కానీ ఫొటో కూడా అన్నీ చూపించదు. 19వ శతాబ్దపు గాజుపలక ఫొటోగ్రఫీలో నీలిరంగు దాదాపు తెల్లగా పడేది. అందుకే న్యూజిలాండ్ మావోరీల పాత చిత్రాల్లో ముఖం మీది గుర్తులు మాయమయ్యాయి. మన పాత ఫొటోల్లో మరో లోపం ఉంది. కింద 'కోయ స్త్రీ', 'రెడ్డి యువతి' అని ఉంటుంది, అంతే. కెనడాలో షానన్ లారట్ 1994లో మొదలుపెట్టిన బీఎంఈ అనే ఆన్‌లైన్ భాండాగారంలో తీరు వేరు. చెవులు, నాలుకలు, చర్మం మార్పించుకున్నవాళ్లు తమ ఫొటోలతో పాటు తమ అనుభవాన్ని తామే రాసి పంపారు. నొప్పి, భయం, సంతోషం అన్నీ వాళ్ల మాటల్లోనే ఉన్నాయి. ఆ అవకాశం మన అవ్వలకు ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఇవ్వాలి. ఆలస్యం చేస్తే అందదు, ఎందుకంటే ఈ గుర్తులు మనిషితో పాటే మట్టిలో కలుస్తాయి. ఖమ్మం యువకులు కరెంటు మిషన్‌తో టాటూ వేయించుకుంటున్నారు. ప్రతి ఒక్కరికీ కొత్త సూది వాడటం మంచిదే, పాత సూదికట్ట ఒకరి రక్తాన్ని ఇంకొకరికి అంటించేది. 2005 తర్వాత మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయ స్త్రీల ఒంటి మీద పచ్చబొట్లు ఇంకా ఉన్నాయి. భద్రాచలం ఐటీడీఏ ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. విల్లంబులు, కొమ్ముల పక్కనే ఈ అవ్వల గొంతులకూ అక్కడ చోటుండాలి. ముందు వాళ్లను అడగాలి. ఇష్టమైతేనే ఫొటో తీయాలి. చుక్కలకు అర్థం కోయ భాషలోనే చెప్పించుకోవాలి. ఆ రికార్డు ముందు ఆ ఊరి బడికి చేరాలి, తర్వాతే ఇంటర్నెట్‌కు.

సంత ముగిసేవేళ అవ్వను ఇంకో మాట అడిగాను, నీకు పొడిచినామె ఎవరని. చింతపండు ముద్దను ఆకులో చుడుతూ కాసేపు ఆగింది. తర్వాత ఒక ఎరుకల ఆమె పేరు చెప్పింది, ఆమె ఊరు చెప్పింది, నొప్పికి ఏడిస్తే బెల్లం ముక్క పెట్టిందని చెప్పింది. ఆ పేరు ఏడు సంపుటాల్లో ఎక్కడా లేదు. అవ్వకు మాత్రం ఇన్నేళ్లయినా నోట్లోనే ఉంది.