నేలలోంచి వచ్చే రేడాన్

1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లిమెరిక్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక చిత్రం జరిగింది. స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు తనిఖీ యంత్రం ముందు నిలబడగానే గంటలు మోగాయి. ఒంటిమీద రేడియోధార్మిక పదార్థం ఉందన్నమాట. అక్కడ కరెంటు ఉత్పత్తి ఇంకా మొదలే కాలేదు. తీరా చూస్తే అది ఆయన ఇంటి నుంచి మోసుకొచ్చినది! ఆ ఇంటి గాలిలో లీటరుకు సుమారు 2,700 పికోక్యూరీల రేడాన్ తేలింది. అంత ఉంటే తగ్గించుకోవాలని అక్కడి ప్రభుత్వం తర్వాత పెట్టిన హద్దు 4.

రేడాన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రాతిలోని యురేనియం క్రమంగా రేడియంగా, రేడియం ఈ వాయువుగా మారతాయి. జర్మనీలో ష్నీబెర్గ్ గని కార్మికులను పీడించిన ఛాతీ జబ్బు క్యాన్సరని 1879లో హార్టింగ్, హెస్సె అనే వైద్యులు చెప్పారు. రేడియం నుంచి ఒక వాయువు వస్తోందని డోర్న్ గమనించింది 1900లో. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఇదే పెద్ద కారణమని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క.

వాట్రస్ ఇంటి కింద ఉన్నది రీడింగ్ ప్రాంగ్ అనే అతి ప్రాచీన శిలల పట్టీ. అందులో యురేనియం ఉంది. సరే, నేరం రాతిదే అనుకుందాం. మరి అయోవా సంగతేమిటి? అక్కడ అడుగు రాయి చాలామటుకు సున్నపురాయి, షేల్. అయినా 1993 నాటి పటంలో ఆ రాష్ట్రపు 99 కౌంటీలూ అధిక రేడాన్ మండలంలోనే పడ్డాయి.

ఇది మంచు చేసిన పని. హిమయుగాల్లో ఉత్తరాది నుంచి దిగిన మంచుపలకలు దారిలోని రాళ్ళను తిరగట్లో వేసినట్టు విసిరి, ఆ పిండిని అయోవా మీద పరిచిపోయాయి. గట్టి బండలో పుట్టిన రేడాన్ చాలావరకు అందులోనే చిక్కుకుంటుంది. మెత్తని రేణువుల్లోంచి సులువుగా బయటపడుతుంది. అయితే 3.8 రోజుల్లో అది సగానికి తరిగిపోతుంది కనుక త్వరగా పైకి దారి దొరకాలి. తడి బంకమన్ను ఆ దారి మూస్తుంది, ఎండి బీటలు వారితే తెరుస్తుంది. స్వీడన్‌లో మంచు కరిగిన నీళ్ళు పోగుచేసిన కంకర దిబ్బల్లో గాలి ధారాళంగా ఆడుతుంది. అందుకే యురేనియం మామూలుగానే ఉన్నా వాటిమీద కట్టిన ఇళ్ళలోకి రేడాన్ ఎక్కువగా చేరుతుంది.

ఒడిశా శ్రోతలకొక మాట. తాల్చేరు దగ్గరి గుండురాళ్ళ పొర కూడా మంచు తెచ్చిందేనని 1856లోనే పోల్చుకున్నారు. కానీ అది సుమారు 30 కోట్ల ఏళ్ళనాటిది, ఏనాడో రాయిగా గట్టిపడింది. అయోవా మన్నుతో దాన్ని పోల్చలేం.

వాట్రస్ ఇంటి నేల కింద గొట్టాలు వేసి ఆ గాలిని బయటికి పంపాక, 1985లో కుటుంబం తిరిగి వచ్చి అక్కడే కాపురముంది. పటాలు ప్రాంతాన్ని చెబుతాయి, ఇంటిని చెప్పవు. అందుకే అక్కడ ఏ ఇంటికా ఇల్లు పరీక్ష చేయించుకుంటారు.