ఒకే పేరున్న బ్యాలెట్: షాంటిలీ ఓటరు దాటివచ్చిన దారి

వర్జీనియాలోని షాంటిలీకి మేయర్ లేడు, పురపాలక సంఘమూ లేదు. ఊరి వ్యవహారాలన్నీ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీవే. ఆ కౌంటీకి ఏ అధికారం కావాలన్నా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లోని శాసనసభ ఇవ్వాలి. అందువల్ల ఆ శాసనసభలో దిగువ సభ అయిన, 100 మంది సభ్యుల హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో తమ తరఫున ఎవరు కూర్చుంటారన్నది ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ముఖ్యమే. అయినా ఈ రాష్ట్రంలో ఎందరో ఓటర్లకు ఎన్నికల రోజున ఒక్క పేరే కనిపించేది. ఓటర్లు తృప్తిగా ఉండి పోటీ తగ్గిందనుకుంటే పొరపాటు. పోటీకి అడ్డుగోడలు కట్టారు.

మొదటి గోడ 1902 నాటి రాష్ట్ర రాజ్యాంగం. ఏడాదికి డాలరున్నర చొప్పున మూడేళ్ళ పోల్ టాక్స్ కట్టినవారికే ఓటు. నల్లజాతివారు, వారితోపాటు పేద తెల్లవారు జాబితాల నుంచి జారిపోయారు. మిగిలిన కొద్దిపాటి ఓటర్లను నమ్ముకుని డెమొక్రాటిక్ నేత హ్యారీ బర్డ్ తన రాజకీయ యంత్రాంగాన్ని దశాబ్దాలపాటు నడిపాడు. అసలు తీర్పు డెమొక్రాటిక్ ప్రైమరీలోనే తేలిపోయేది. నవంబరు ఎన్నిక లాంఛనం. ఆ పన్నును కోర్టుకు ఈడ్చినవారిలో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ మహిళ ఆనీ హార్పర్ ఒకరు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఆమె పేరుతో నిలిచిన కేసులో రాష్ట్ర ఎన్నికల పోల్ టాక్స్‌ను కొట్టేసింది.

ఓటు దక్కినా పోటీ దక్కలేదు. నియోజకవర్గాల హద్దులను అప్పట్లో శాసనసభ్యులే గీసేవారు. ఎవరికి వారు గెలిచే హద్దులు గీసుకుంటే, అవతలి పార్టీ ఖర్చు దండగని అభ్యర్థినే నిలిపేది కాదు. పైగా డెలిగేట్ జీతం ఏళ్ళ తరబడి ఏటా 17,640 డాలర్లే. ఉద్యోగం మానుకుని వచ్చే సామాన్యులెందరు? 2015లో మూడింట రెండు వంతులకు పైగా స్థానాల్లో రెండు ప్రధాన పార్టీలూ తలపడలేదు.

2017లో గాలి మారింది. డెమొక్రాట్లు 88 స్థానాల్లో నిలబడి, తమ బలాన్ని 34 నుంచి 49కి పెంచుకున్నారు. షాంటిలీ ప్రాంతంలో రిపబ్లికన్ జిమ్ లెమున్యన్‌పై డెమొక్రాట్ క్యారీ డిలేనీ గెలిచారు. పొరుగు స్థానంలో రిపబ్లికన్ టిమ్ హ్యూగో అతి స్వల్ప మెజారిటీతో బయటపడ్డా, 2019లో డెమొక్రాట్ డాన్ హెల్మర్ చేతిలో ఓడారు. 94వ నియోజకవర్గంలోనైతే ఓట్లు సమానమై, 2018 జనవరి 4న చీటీ తీసి విజేతను తేల్చాల్సి వచ్చింది. ఒక్క ఓటు విలువేమిటో రాష్ట్రమంతా చూసింది.

హద్దుల గోడ కూడా కొంత కదిలింది. 2020లో ఓటర్లు ఆ పనిని ఒక కమిషన్‌కు అప్పగించారు. అది ప్రతిష్టంభనలో పడితే, 2021 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టే కొత్త పటాలను ఖరారు చేసింది. పోటీ పెరిగేకొద్దీ కొత్తవారికీ దారి దొరికింది: హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హాష్మీ 2019లో సిట్టింగ్ రాష్ట్ర సెనేటర్‌ను ఓడించి, 2025లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు.

మన పల్లెల్లో ఏకగ్రీవ పంచాయతీలకు ప్రభుత్వాలు నజరానాలు ఇస్తాయి. గొడవలు తప్పుతాయన్నది వాదన. వర్జీనియా అనుభవం వేరే పాఠం చెబుతోంది. పోటీ లేని చోట ప్రతినిధి ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. డెలిగేట్ పదవికి స్వతంత్రంగా నిలవడానికి 125 మంది ఓటర్ల సంతకాలు చాలు. ఓడిపోతామని తెలిసినా ఎవరో ఒకరు నిలబడాలి. అప్పుడే గెలిచినవారు మన గడప తొక్కి ఓటు అడుగుతారు.