తాళాలు చేసే ఆయన కొడుకు చెప్పిన తీగ లెక్క



తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, మధ్యచ్ఛేద వైశాల్యం పెరిగితే తగ్గుతుంది. పదో తరగతిలో మనమంతా బట్టీ పట్టిన మాటే ఇది. దీని వెనక ఎవరున్నారో మాకప్పుడు ఎవరూ చెప్పలేదు.

1821లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ ఒక సంగతి తేల్చాడు. తీగను గుండ్రంగా ఉంచినా, రేకులా సాగగొట్టినా కరెంటు పారడంలో తేడా లేదు. లోహం ఎంత మందాన ఉంది, ఎంత దూరం సాగింది అన్నదే లెక్క.

దాన్ని సూత్రంగా నిలబెట్టినవాడు గియోర్గ్ ఓమ్. 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. సొంతంగా లెక్కలు నేర్చుకుని పిల్లలకు తనే చెప్పాడు. ఓమ్ కాలేజీ మధ్యలో మానేసి, స్విట్జర్లాండ్‌లో లెక్కల మాస్టారుగా పనిచేసి, తిరిగొచ్చి 1811లో డాక్టరేట్ తీసుకున్నాడు.

కొలోన్‌లో స్కూలు పాఠాలు చెబుతూనే ప్రయోగాలు చేశాడు. అప్పటి బ్యాటరీల బలం నిలకడగా ఉండేది కాదు. అందుకని 1826లో బిస్మత్, రాగి కలిపిన జంటను తీసుకుని, ఒక అతుకును మరిగే నీళ్లతో వేడిగా, ఇంకోదాన్ని మంచుతో చల్లగా ఉంచాడు. ఒకే మందం, వేర్వేరు పొడవులున్న 8 రాగి తీగలు మార్చి మార్చి కొలిచాడు.

1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పెద్దగా పట్టించుకోలేదు. ఉద్యోగం వదులుకున్నాడు. 1833 దాకా సరైన కొలువు దొరకలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. ఆయన 1854లో చనిపోయాడు. 1881లో నిరోధం కొలతకు ఆయన పేరే ఖాయం చేశారు.

ఇప్పుడు మన గూడెం సంగతి. లైను చివరి ఇంట్లో సాయంత్రం బల్బు గుడ్డిగా వెలుగుతుంది కదా? తీగ పొడవు రెండింతలైతే నిరోధం రెండింతలు. అదే తీగ వ్యాసం రెండింతలైతే నిరోధం నాలుగో వంతే. సాయంత్రం అందరూ స్విచ్ వేస్తే లైనులో కరెంటు పెరుగుతుంది. నిరోధాన్ని కరెంటుతో గుణిస్తే వచ్చేంత వోల్టేజి దారిలోనే పోతుంది. చివరి ఇంటికి మిగిలిందే దక్కుతుంది.

కాబట్టి "అడవిలో ఇంతేలే" అని ఎవరైనా అంటే ఊరుకోవద్దు. లావు తీగ వేయండి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి తెండి అని అర్జీ రాద్దాం. కారణం మన పదో తరగతి పుస్తకంలోనే ఉంది.

చదువు మధ్యలో ఆపేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకీ ఇది చదివి వినిపించండి. ఓమ్ కూడా ఆపి, మళ్లీ మొదలుపెట్టినవాడే.